హల్లెలూయ లేని చరణం

చర్చిలో పాడే పాటల్లో సగం కుట్టుమిషన్ వదిన కట్టినవే. కాలితో మిషన్ తొక్కుతూ, ఆ చప్పుడే తాళంగా చరణాలు కడుతుంది. మాట కుదరకపోతే పళ్ల మధ్య గుండుసూది బిగబట్టి, కుదిరాకే తీస్తుంది. కూతురు జ్వరంతో పోయాక చాలాకాలం ఆమె నోట పాట లేదు. మళ్ళీ కట్టిన మొదటి పాటలో మూడో చరణం "అడిగాను కదా ప్రభువా, వినలేదా?" అని ఆగిపోతుంది. పాటల బృందాన్ని నడిపే మరిది తల పట్టుకున్నాడు. "నిష్ఠూరంతో ముగిస్తే ఎలా వదినా? చివర ఒక హల్లెలూయ పడేయ్, లేదంటే ఆ చరణం తీసేస్తా." "పడేయడానికి అదేమన్నా కూరలో ఉప్పా?" అందామె, సూది తీయకుండానే.

ఆదివారం పాటల బృందం వాళ్లు రెండు చరణాలకే ఆపేశారు. డోలక్ ఆగింది, అందరూ కూర్చున్నారు. ఆమె కూర్చోలేదు. మిషన్ తొక్కినట్టే కాలితో నేల తొక్కుతూ మూడో చరణం ఒక్కతే పాడింది. మాట తడబడిన చోట ఆగి, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుని, చివరిదాకా పాడింది. ఆరాధన అయ్యాక చర్చి మెట్ల దగ్గర మరిది అడ్డొచ్చాడు. "దేవుడి మీద అంత కోపమా వదినా?" "కోపం ఉంది కాబట్టే ఆయనతోనే మాట్లాడుతున్నా. నీ హల్లెలూయ ఎక్కడికీ పోలేదులే, దాచి ఉంచాను. పైన నా పిల్లను నా చేతికిచ్చాక పాడతా."