కారు పైకప్పు మీది గీత

ఇంగ్లండ్‌లోని స్టోక్ పట్టణంలో, పింగాణీ కార్ఖానాలో కూజాలకు, టీ కప్పులకు స్ప్రే గన్‌తో రంగు కొట్టడం ఈనిడ్ మేచిన్ పని. అందుకే పాత మోరిస్ మైనర్ కారుకు ఇంట్లో తానే రంగు వేసుకుంటానంటే వీధిలో ఎవరూ నవ్వలేదు. ఆ కారు తన పెళ్లికి, కార్ల మెకానిక్ అయిన తమ్ముడు డెస్మండ్ ఇచ్చిన కానుక. భర్త పోయాక కూడా ఆమె దాన్ని వదల్లేదు. ఇప్పుడు కూతురు లోర్నాకు లైసెన్సు వచ్చింది కాబట్టి, కొత్త రంగు వేసి ఆ పిల్లకు ఇద్దామనుకుంది.

పాత రంగు గీకి, సొట్టలు పూడ్చి, షెడ్డు తలుపులు బార్లా తెరిచి, ముఖానికి మాస్కు కట్టుకుని, రేకును చదును చేసే స్ప్రే ఫిల్లర్ కొట్టింది. ఒక పూత ఆరి మెరుపు తగ్గాక ఇంకొకటి, దానిమీద మరొకటి. అంతా గట్టిపడ్డాక పైన పల్చగా నలుపు చిమ్మి, నీళ్లతో ఎమరీ కాగితం పెట్టి రుద్దసాగింది. నలుపు ఎక్కడ మిగిలితే అక్కడ పల్లం ఉన్నట్టు.

అంతటా నలుపు పోయింది, పైకప్పు మీద తప్ప. ముందు సీట్ల వెనగ్గా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒక నల్లగీత నిలిచిపోయింది. తన చెయ్యే సరిగ్గా ఆడలేదనుకుని ఈనిడ్ మళ్లీ ఫిల్లర్ కొట్టింది. ఆరాక రుద్దితే అదే చోట అదే గీత.

"రూళ్లకర్ర పెట్టి గీసినట్టుందేంటమ్మా?" అంది లోర్నా.

ఈనిడ్ స్క్రూడ్రైవర్ తెచ్చి గీకింది. పాత పుట్టీ పెచ్చులు పెచ్చులుగా ఊడింది. దాని కింద వెల్డింగ్ అతుకు! లోపలి గుడ్డ లాగి చూసింది. అక్కడా అతుకే. అది తలుపుల పక్కనుంచి కిందికి దిగి, తలుపు కింది రేకు దాకా పోయింది. 

"ఇది ఒక కారు కాదే," అంది ఈనిడ్. "రెండు."

కబురందుకుని డెస్మండ్ వచ్చాడు. "ఏంటక్కా, రంగు కారిపోయిందా? ఇది టీ కూజా అనుకున్నావేంటి?" అంటూ లోపలికి అడుగుపెట్టినవాడు పైకప్పు చూసి ఆగిపోయాడు.

"నువ్వేనా ఇది చేసింది?" అంది ఈనిడ్.

"ఒకదాని ముందు భాగం నుజ్జయింది, ఇంకోదాని వెనక భాగం. బాగున్న సగాలు అతికించాను. నీ పెళ్లికి అందరూ చూసేలా ఏదైనా ఇవ్వాలనుకున్నానక్కా."

"అందులో పిల్ల కూర్చునేదిరా!"

"తెలుసు. అందుకేగా ఇంకొకడి చేతికివ్వకుండా ఏటేటా నేనే కిందికి దూరి చూసింది. అతుకు గట్టిగానే ఉంది."

ఈనిడ్ ఎడమ తలుపు కింది రేకులోకి స్క్రూడ్రైవర్ గుచ్చింది. అది పిడి దాకా దిగిపోయింది. లోపల ఇనుము లేదు. తుప్పు, పుట్టీ, పైన రంగు, అంతే.  డెస్మండ్ స్క్రూడ్రైవర్ బయటికి లాగి, ఆ కన్నంలో వేలు పెట్టి చూశాడు. ఆ సంగతి అతనికీ తెలియదు.

"పోయిన నెల దీన్ని పెద్ద రోడ్డు మీద నడిపానమ్మా," అంది లోర్నా. ఎంత వేగంగా నడిపావని అడిగే ధైర్యం తల్లికి లేకపోయింది.

మర్నాడు, దాన్ని ఇంకెవరూ నడపకుండా, డెస్మండే ఇనుము కోసే మిషన్ తెచ్చి అతుకు వెంబడి కోశాడు. సగం కోయకముందే కారు నడుం దగ్గర కుంగి నేలకు తగిలింది. ఆ చప్పుడుకు లోర్నా తల్లిని గట్టిగా వాటేసుకుంది. 

కొన్నాళ్లు కార్ఖానాలో ఈనిడ్ రంగు కొట్టిన కప్పుల అంచుల మీద రంగు కారింది. నెలల తరబడి తమ్ముడితో మాట్లాడలేదు. క్రిస్మస్ నాడు అతను వచ్చి గుమ్మంలో నిలబడితే, "లోపలికి రారా, గాలి కొడుతోంది," అని తలుపు తీసింది. భోజనం పెట్టింది. అతను తన కారులో ఎక్కడికైనా దింపుతానంటే మాత్రం ఆమె ఇప్పటికీ బస్సే ఎక్కుతుంది.