అబ్దుల్ బారీ రిజిస్టరులో ఉడుతలు

మహబూబాబాద్‌లో మనుషులకంటే ఉడుతలే ఎక్కువని ఫిర్యాదుల రిజిస్టరులో సంతకం పెట్టి మరీ నిరూపించినవాడు భూమ్మీద ఒక్కడే: మా టెలిఫోన్ లైన్‌మన్ అబ్దుల్ బారీ. ఎవరింట్లో ఇంటర్నెట్ మందగించినా ఆయన చెప్పే కారణం ఒకటే. ఉడుత కొరికింది. తీగ తెగినా ఉడుతే, వానకు తడిసినా ఉడుతే. ఆయన రాసింది నిజమైతే మా ఊరి ఉడుతలు ఆదివారం సెలవు కూడా లేకుండా మూడు షిఫ్టులు పనిచేస్తుండాలి.

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో చదువు ఆపినవాణ్ణి. నిజానికి నేను ఆపలేదు, నా వేగం అందుకోలేక చదువే వెనకబడింది. అయినా జంతుశాస్త్రం ఈయనకంటే నాకే నయం. చంద్రమ్మ టీచర్ ఉండే గల్లీలో చెట్టు కాదు కదా, చెట్టు బొమ్మ ఉన్న క్యాలెండర్ కూడా లేదు. బారీ అక్కడికీ వెళ్లి, చెవిమీది పెన్సిలు తీసి, ‘ఉడుత’ అని రాసి వచ్చాడు. ఆ ముచ్చట చెప్పి టీకొట్టు దగ్గర నెలరోజులు జనాన్ని నవ్వించాను. చెప్పిన ప్రతిసారీ ఉడుతను కొంచెం పెంచేవాణ్ణి. నెలాఖరుకు అది మేకపిల్లంత అయింది.

2011లో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సుల్లేవు, బడుల్లేవు, నెట్ సెంటర్లకు తాళాలు. ఊరంతా పని మానేస్తే డ్యూటీలో ఉన్నది ఇద్దరేననీ, ఒకరు బారీ, రెండోది ఆయన ఉడుత అనీ నేను అనేవాణ్ణి. ఆ సమ్మెలో నా పాత్ర చిన్నదేం కాదు. మా ఇంటి ముందు చౌరస్తాలో నేను అంటించిన లారీ టైరు మంట చూసి, అక్కడెక్కడో డోర్నకల్ జంక్షన్‌లో డ్రైవరు ఎర్ర సిగ్నలనుకుని రైలు ఆపేశాడు. చూసినవాళ్లు లేరు గానీ, ఆగిన మాట నిజం.

ఆ మర్నాటి నుంచే మా ఇంట్లో నెట్ కుంటుపడింది. చెల్లెలు గీత నర్సింగ్ సీటుకు శనివారం సాయంత్రం ఐదింటిలోపు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పంపాలి. మా తాతల తండా నుంచి నర్సు కావాలనుకున్న మొదటి పిల్ల. దాని ఫొటో ఎక్కిస్తే నుదుటి దాకా వచ్చి ఆగిపోయేది. కళ్లు ఎన్నడూ రాలేదు. నేనుండగా భయమెందుకని చెప్పి మోడెమ్‌ను అల్మారా ఎక్కించాను, ఫ్రిజ్ ఎక్కించాను, నలభైసార్లు ఆపి వేశాను. చివరికి మా అమ్మ మంగ్లీ లంబాడీ మాటలో నన్ను కడిగేసి, బారీని పిలవమంది.

గురువారం ఆయన వచ్చాడు. ఫోను పీకి, ఫోనుకూ నెట్‌కూ తీగను పంచే చిన్న డబ్బాను పక్కన పెట్టి, తీగను నేరుగా మోడెమ్‌కు తగిలించాడు. పచ్చదీపం కొట్టుకుంటూనే ఉంది. మళ్లీ ఫోను పెట్టి, రిసీవర్ చెవికి ఆనించి కళ్లు మూసుకున్నాడు. పావుగంటైంది. నిద్రపోయాడనుకుని భుజం తట్టబోయాను.

"గాలొచ్చినప్పుడల్ల కరకరమంటున్నది" అన్నాడు. "ఇంట్ల ఏం లేదు. బయట తీగలున్నది."

"ఎవరి పని చాచా?"

"ఉడుత."

"అది డ్యూటీ దిగేదెప్పుడు?"

"తెలంగాణ వచ్చినంక" అన్నాడు నవ్వకుండా.

శుక్రవారం పొద్దున చౌరస్తా స్తంభానికి నిచ్చెన వేశాడు. నేను కింద పట్టుకుని, ఉడుత తండ్రి పేరూ ఇంటి నంబరూ అడుగుతున్నాను. మధ్యలో తలెత్తి చూశాను. రోడ్డు దాటి మా ఇంటికొచ్చే తీగకు మూరెడు మేర తొడుగు కరిగి, నల్లగా గడ్డకట్టింది. లోపలి రెండు రాగితీగలు బయటపడి, గాలి వీచినప్పుడల్లా ఒకదాన్నొకటి తాకుతున్నాయి. సరిగ్గా దాని కింద, రోడ్డు మీద, నల్లటి గుండ్రం. నా టైరుది. డోర్నకల్‌లో రైలు ఆపిన మొనగాడు తన ఇంటి తీగ కిందే మంట పెట్టుకున్నాడు.

అప్పుడే బారీ పైఅధికారి, జూనియర్ ఇంజనీరు దయాకర్ స్కూటర్ దిగాడు. తీగలు కాలితే పోలీసులకు రాసివ్వాలని పైనుంచి కాగితం వచ్చిన రోజులవి. ఆయన తీగను చూశాడు, గుండ్రాన్ని చూశాడు, నన్ను చూశాడు. మూడు చూపుల్లో కేసు తేలిపోయింది.

"ఏమైంది బారీ?"

"ఉడుత సార్."

"కాలినట్టున్నది గదనయ్యా."

"కొరికింది సార్. ఎండకు కరిగింది."

"మరి ఉడుతకు టైరెక్కడిది?"

బారీ కాలిన మూరెడు ముక్కను కత్తిరించి సంచిలో వేసుకున్నాడు. ఇక చూపించడానికి కాలిన తీగే లేదు. దయాకర్ రిజిస్టరులో అక్షరాలు కుదురుగా రాయమని చెప్పి వెళ్లిపోయాడు.

"చాచా, నీకు ముందే తెలుసా?" అన్నాను.

"నిచ్చెన మంచిగ పట్టు రాకేశ్. కాలిందని రాస్తె, పోలీసులొచ్చి పంచనామా చేసేదాంక తీగ ముట్టొద్దు. శనివారం దాటుతది. గీత బిడ్డ ఫారం పోతది."

"మరి నా సంగతి?"

"నీ సంగతి ఉడుతకు చెప్పుకో."

కొత్త తీగ లాగేసరికి మధ్యాహ్నమైంది. శనివారం మూడింటికి గీత ఫొటో నుదురు, కళ్లు, గడ్డంతో సహా ఒక్క ఊపులో ఎక్కేసింది. రసీదు నంబరు రాగానే అది నన్ను మెచ్చుకుంటుందనుకున్నాను. బారీ చాచాకు టీ పట్టుకెళ్లమంది.

ఆ తర్వాతే నాకు ఒక్కొక్కటీ తట్టింది. జెండా కట్టబోయి మా వీధి చందూలాల్ కొడుకు తీగ తెంపితే ఉడుత. సమ్మెవాళ్లు నిరసనగా రోడ్డు మీద వంటావార్పు పెట్టినప్పుడు పొయ్యి సెగకు తీగ మాడితే ఉడుత. ఆ సమ్మెలో మా వీధి నుంచి ఒక్కడి మీదా తీగల కేసు పడలేదు.

2014 జూన్‌లో రాష్ట్రం వచ్చింది. ఇక కేసుల భయం లేదనుకుని టీకొట్టు బల్లెక్కి ఉపన్యాసం ఇచ్చాను. ఈ ఊళ్లో అసలు ఉడుతన్నదే లేదనీ, ఉన్నదల్లా అబ్దుల్ బారీ మంచితనమేననీ, చివరికి చెట్టే లేని గల్లీలో చంద్రమ్మ టీచర్‌ను కాపాడటానికి కూడా ఉడుతను పుట్టించాడనీ చెప్పాను. ఆ టీచర్ ఎంత పెద్ద మంట పెట్టిందో వర్ణించబోతున్నాను. జనం చప్పట్లు కొట్టారు. బారీ సాసర్‌లో టీ ఊదుకుంటూ అన్నాడు:

"గా టీచర్ ఇంటికాడ నిజంగనే ఉడుతనే."