కార్తీకంలో రాసిన డైట్ చార్ట్

నాంచారయ్య గారు ఏడాదిపాటు చేప ముట్టకపోవడానికి కారణం ఆయన చక్కెర వ్యాధి కాదు, నేను. ఆ సంగతి అప్పట్లో ఆసుపత్రిలో ఎవరికీ చెప్పలేదు. ఈమధ్యే ఉద్యోగం మానుకున్నాను కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

మచిలీపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డైటీషియన్‌గా చేరిన ఏడాది నవంబరులో ఆయన వచ్చారు. దివిసీమలో సముద్రం మీద వేటకు వెళ్ళే కుటుంబం. భార్య నాగమణి గారు చేపలమ్ముతారు. మా పనిలో మొదటి మెట్టు, రోగి నిన్న లేచింది మొదలు పడుకునేదాకా ఏమేం తిన్నాడో అడిగి రాసుకోవడం. ఇడ్లీ, దోసకాయ పప్పు, గోంగూర, మజ్జిగ అన్నారు. మొన్నా అంతేనన్నారు. వేటకెళ్ళే మనిషి కూరగాయలే తింటున్నాడని మురిసిపోయాను. అన్నం కాస్త తగ్గించి, మిగతాదంతా ఇలాగే కొనసాగించమనీ, కొత్తగా ఏదీ కలపవద్దనీ చార్టు రాసిచ్చాను.

ఫిబ్రవరిలో మళ్ళీ వచ్చారు. చక్కెర అదుపులో ఉంది. మనిషి మాత్రం దిగాలుగా ఉన్నారు.

"నేనేమో చేపల గంపెత్తుకుని ఊళ్ళు తిరుగుతున్నాను, ఈయనేమో ఇంట్లో బీరకాయ ముందేసుకుని కూర్చుంటున్నారండీ. కార్తీకం వెళ్ళాక తింటారులే అనుకున్నాను. మీరేమో ఏదీ కలపొద్దన్నారంట!" అన్నారు నాగమణి గారు.

అప్పుడు వెలిగింది. మాది గుడివాడలో క్రైస్తవ కుటుంబం. కార్తీకంలో చాలామంది చేపా మాంసం మానేస్తారని తెలుసు గానీ, ఆ నెల ఎప్పుడొస్తుందో నేనెన్నడూ పట్టించుకోలేదు. మా ఇంట్లో వారమంతా పప్పూ కూరలూ, ఆదివారం ఆరాధన అయ్యాక కోడికూర. ఆయనకు రాయాల్సిందీ దాదాపు అదే: ఎక్కువగా కూరగాయలు, వారానికి రెండుసార్లు తక్కువ నూనెతో చేపల పులుసు. పక్కనే పెద్ద డాక్టరు గారున్నారు. ఫలితం బాగుంది కదా, అలాగే కానివ్వమన్నాను. పైగా ముదినేపల్లి వైద్య శిబిరంలో ఆయన్ని ఆదర్శంగా చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను.

మళ్ళీ నవంబరు వచ్చింది. నాగమణి గారు ఫోన్ చేశారు.

"కార్తీకం వచ్చేసిందండీ. ఊరంతా నీసు మానేశారు. ఈయన మానడానికి ఏముందో మీరే చెప్పండి!"

నవ్వాపుకోలేకపోయాను. ఆ వెంటనే సిగ్గేసింది. కార్తీకం వెళ్ళాక వచ్చిన మొదటి ఆదివారం కొత్త చార్టు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. అప్పటినుంచి ఏ రోగినైనా నిన్నేం తిన్నారని అడిగేముందు, ఈ నెలలో ఏం మానేశారని అడిగేవాణ్ణి.

నాంచారయ్య గారు చార్టు చదివించుకుని, చేపల పులుసు దగ్గర ఆపించారు. "ఇదెప్పట్నించి తినొచ్చండీ?" అన్నారు.

"పోయినేడాది నించే తినొచ్చు, మావయ్యా. తప్పు నాది. తెలిశాక కూడా పరువు పోతుందని దాచాను. క్షమించండి" అన్నాను.