అక్కడ ఎవరికీ తెలియని ఊరి పేరు

ముందుగా దేవునికి స్తోత్రం. ఆయన మంచివాడు. నా కన్నీళ్లలోనూ ఆయన మంచివాడే. ఈ మాట మొదటే రాసి పెడుతున్నాను, మిగతాది రాసేటప్పుడు చెయ్యి ఆడుతుందో లేదో తెలియదు.

దయ్యాలను, ఆత్మలు తిరగడాన్ని నేనెన్నడూ నమ్మలేదు. బయ్యారంలో మా పుట్టింటివాళ్లు గాలి సోకిందని తాయెత్తు కోసం పరుగెత్తితే, తిట్టి జ్వరం గోలీలు ఇచ్చినదాన్ని. పోయినవాళ్లు మన దగ్గరికి రారని ఆదివారం బడిలో ఇరవై ఏళ్లు పిల్లలకు చెప్పాను. ఇప్పటికీ అదే చెబుతాను. జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తున్నాను.

నేను జఫర్‌గఢ్ వైపు పల్లెల్లో నర్సుగా చేసి రిటైరయ్యాను. మా ఆయన జనగామలో చేతిపంపులు, బోరు మోటార్లు బాగుచేసే మెకానిక్. మాకు పిల్లలు లేరు. పెద్దవయసు జంటలను సేవకు పంపుతారని సంఘంలో విని పేరు ఇచ్చాం. పసిఫిక్ సముద్రంలో ఒక చిన్న దీవికి పంపారు. వాననీటి ట్యాంకులు కట్టించడం ఆయన పని. తల్లులను, పసిపిల్లలను చూడడం నా పని.

దిగిన రోజే ఆయన అన్నాడు: "గిదేం ఊరే! మన జనగామల నీళ్లు లేవంటే ఒక అర్థముంది. వీళ్లు నీళ్లల్ల నిలబడి నీళ్లకేడుస్తున్నరు." ఆ దీవిలో ఆ మాట అర్థమైనది నాకొక్కదానికే. ఇద్దరం కడుపుబ్బా నవ్వుకున్నాం.

మేం వచ్చిన ఏడో నెలలో ఒక పొద్దున ఆయనకు ఛాతీలో నొప్పి మొదలైంది. ఆస్పత్రి ఉన్న పెద్ద దీవికి పడవలో ఐదు గంటలు. అదే పొద్దున ఒక పిల్లకు తొలికాన్పు నొప్పులు, బిడ్డ ఎదురుకాళ్లతో ఉంది. అక్కడి నర్సు సెలవులో ఉంది.

నేనూ వస్తానన్నాను. ఆయన వినలేదు.

"గా పిల్లనిడిసిపెట్టి ఎట్లొస్తవే? రెండు పానాలాయె. నాకేమైతది, గ్యాసు పట్టింది గంతే. నీ సూది తప్పింది, గదే సంతోషం. పోయొస్త."

నేను నవ్వి చెయ్యి ఊపాను. ఆయన నాడి పట్టి చూసినదాన్ని నేనే. అది గ్యాసు కాదని నాకు తెలుసు.

మధ్యాహ్నానికి బిడ్డ పుట్టింది, బతికింది. కాసేపటికే పడవ తిరిగొచ్చింది. ఆయన మీద దుప్పటి కప్పి ఉంది.

బయలుదేరిన గంటన్నరకే ప్రాణం పోయిందని పడవవాళ్లిద్దరూ చెప్పారు. పోయేముందు కళ్లు మూసుకుని ఒకటే మాట మళ్లీ మళ్లీ అన్నాడట. వాళ్లకు భాష తెలియదు. ఒక్క ముక్కైనా గుర్తు తెచ్చుకోండని చేతులు పట్టుకుని అడిగాను. గుర్తు లేదని వాళ్లూ నాతోపాటు ఏడ్చారు.

చర్చి పక్కన ఇసుకలో ఆయనను పెట్టాం. తర్వాత నాకు తిండి లేదు, నిద్ర లేదు. వదిలేసిందని నన్ను తిట్టుకున్నాడా? రమ్మని పిలిచాడా? ఆ మాట ఏమిటో తెలియకుండా ఎట్లా బతకాలో తెలియలేదు.

మూడో ఆదివారం, పట్టపగలు, ఆరాధన జరుగుతోంది. ముందురోజు వేరే దీవి నుంచి చుట్టాలింటికి వచ్చిన ఒక ముసలమ్మ ప్రార్థన చేయడానికి లేచింది. ఆమె మా దీవికి రావడం అదే మొదటిసారి. తన భాషలో చాలాసేపు చేసింది. నడుమ ఆగింది. తర్వాత, తన గొంతుతోనే, తేటగా అన్నది:

"నాయినా, మా బయ్యారాన్ని జర చూడు."

రెండుసార్లు అన్నది. మళ్లీ తన భాషలోకి వెళ్లి ఆమెన్ అని కూర్చున్నది.

నా పక్కనున్న బడి పంతులు ఇదేం మాట అనుకుని, విన్నది విన్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. ఆ కాగితం ఇప్పుడు నా దగ్గరుంది.

బయ్యారమంటే నేనే. పెళ్లయిననాటి నుంచి ఆయన నన్ను పేరుతో పిలవలేదు. నలుగురిలో ఉంటే ఏ పిలుపూ లేదు, ఇంట్లో మాత్రం మా పుట్టింటి ఊరి పేరు పెట్టి "బయ్యారం, చాయ్ పెడ్తవా?" అనేవాడు. దీవిలోనూ మేమిద్దరమే ఉన్నప్పుడే అట్లా అనేవాడు.

ఇంకొకటి ఉంది. రాయడానికి సిగ్గుగా ఉన్నా రాస్తాను. చాలా ఏళ్ల కింద జనగామ సంఘంలో ఆయన లేచి, "నాయినా, జర మా దిక్కు చూడు" అని ప్రార్థన మొదలుపెట్టాడు. కోస్తా నుంచి వచ్చిన ప్రసంగీకుల కుటుంబం ముసిముసిగా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి, "దేవునితోని గిట్లనా మాట్లాడేది? చదువుకున్నోళ్ల తీరు రాకపోతే గమ్మున కూసో" అన్నాను.

ఆయన గమ్మున కూర్చున్నాడు. ఆ తర్వాత ఆయన పైకి ప్రార్థించడం నేనెన్నడూ వినలేదు. ఆమెన్ ఒక్కటే వినేదాన్ని.

ముసలమ్మను పంతులు చేత అడిగించాను. "ఆ మాట ఎందుకొచ్చిందో నాకే తెలియదు, ఏమైనా తప్పన్నానా?" అని ఆమె భయపడింది. పడవవాళ్లు ఆమెను అంతకుముందు చూడలేదన్నారు. పడవలో విన్నది ఇదేనేమో అని ఒకడన్నాడు, చెప్పలేనని రెండోవాడన్నాడు. ట్యాంకుల దగ్గర ఆయనతో పనిచేసిన అందరినీ అడిగాను. ఆయన ప్రార్థించడం ఎవరూ వినలేదు.

దీవి విడిచి ఇక్కడికి తిరిగి వచ్చాక మా పాస్టరుగారు ఈ సంగతి సంఘంలో చెప్పవద్దన్నారు. మా తమ్ముడు, "ఇందులేముందక్కా? బావ వచ్చి చెప్పి పోయిండు" అని తేల్చేశాడు. పాస్టరుగారి మాట నేను కాదనలేను, తమ్ముడి మాట ఒప్పుకోలేను. ఆయన చివరి మాట అదేనని రుజువు లేదు. అది కాకపోతే ఆ నోటికి ఎక్కడి నుంచి వచ్చిందో ఈనాటికీ నాకు తెలియదు.

చదివే మీరు ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. ఒక మనిషికీ ఆయన దేవునికీ నడుమ నేను అడ్డం కూర్చున్నాను, నన్ను క్షమించమని అడగండి. మీ ఇంట్లో ఎప్పుడూ వెనక కూర్చునేవాళ్లు ఎవరైనా ఉంటే, ఈ పూట వాళ్లను ముందు ప్రార్థన చేయమనండి. వాళ్లకు ఎట్లా వస్తే అట్లా. మీరు పక్కన కూర్చుని వినండి.