పదిహేడు బొమ్మలు, ఒకటే కోణం

2023లో మాదాపూర్‌లోని ఒక ఆఫీసులో లేబెలింగ్ పని చేసేదాన్ని. కంప్యూటర్‌లో వచ్చే బొమ్మను చూసి ఇది ఫలానా రకం అని గుర్తు పెట్టడమే ఆ పని. అంతకుముందు అదే అంతస్తు తుడిచాను. నలభై ఎనిమిదేళ్లకు చదవడం నేర్చుకున్నాను కాబట్టి చీపురు వదిలి కుర్చీలో కూర్చున్నాను. అందులో సిగ్గూ లేదు, గొప్పా లేదు.

ఆ ఏడాది మాకు వచ్చిన బొమ్మలు విదేశంలో భూమి కింద కట్టిన ఒక యంత్రానివి. అందులో కణాలను ఎదురెదురుగా ఢీకొట్టిస్తారు. చెదిరిన తునకలను చుట్టూ ఉన్న డిటెక్టర్ పట్టుకుంటుంది. తునకలు గుంపుగా ఒక పక్కకు దూసుకుపోతే అది జెట్. దానికి సాటిగా ఎదురు పక్కకూ ఏదో పోవాలి. అక్కడ ఏమీ కనబడకపోతే దాన్ని మిస్సింగ్ ఎనర్జీ అంటారు. తెలిసిన కణాలు కొన్ని కూడా అలా తప్పించుకుంటాయి. వాటిని పక్కన పెట్టాక మిగిలితే, కొత్త కణమేదో పుట్టి, కంటికి ఆనని తునకలుగా విడిపోయిందేమో అని ఆశ.

ఆ ఆశ మాధవి గారిది. ఏలూరు అమ్మాయి, ఆ పరిశోధన ఆమెదే. నాలుగేళ్ల వెతుకులాటలో పదిహేడు బొమ్మలు తేలాయి. శుక్రవారం వాటిని విదేశీ శాస్త్రవేత్తల ముందు పెట్టబోతున్నారు. ఆఖరిసారి చూడమని సోమవారం మాకు ఇచ్చారు.

మాకు సులువుగా ఉండాలని, ప్రతి బొమ్మలోనూ జెట్ పైకే ఉండేలా కంప్యూటర్ తిప్పి చూపిస్తుంది. జెట్ అసలు కోణం ఎన్ని డిగ్రీలో కింద మూలన చిన్న అంకెల్లో ఉంటుంది. దాన్ని ఎవరూ చదవరు. చిన్నప్పుడే బడికి పోయినవాళ్లు రాతను చూసి దాటిపోతారు. నేను ఎదురైన ప్రతిదీ కూడబలుక్కుని చదువుతాను. 212. 213. మళ్లీ 212. పదిహేడింటిలోనూ అంతే. జెట్ ఒకే దిక్కుకు పోతే, దాని ఎదురుగా ఉన్న ఖాళీ కూడా ఒకేచోటే.

పక్క కుర్చీలోని రజిత నవ్వింది. “గా నంబర్‌తోని నీకేం పని అవ్వా? పిన్‌కోడా?”

“ఒక్క గల్లీలనే పదిహేడుమంది మాయమైతే, గల్లీల లైటు పోయిందేమో చూడాలె గద!”

“పోయి చెప్పకు. మేడం పరేషాన్ అయితది. నీ నౌకరి పోతది.”

పోతే పోనీ అనుకుని లేచాను.

“మేడం, మీ కణానికి ఒక్క దిక్కే ఎరుకనా?”

“అంటే ఏంటండీ?”

“అన్నిట్ల ఖాళీ ఒక్క జాగలనే ఉన్నది. నిజంగ కొత్తదైతే దిక్కుకొకటి పోవాలె గద?”

మాధవి గారు తిప్పుడు తీసేసి పదిహేడు బొమ్మలనూ ఒకదానిమీద ఒకటి పెట్టారు. ఖాళీలన్నీ ఒకేచోట పడ్డాయి. ముఖం పాలిపోయింది.

“తిప్పినవే చూస్తూ వచ్చానండీ. ఇది చూడనేలేదు.”

డిటెక్టర్ చూసుకునేవాళ్లకు రాశారు. గురువారం జవాబొచ్చింది. ఆ పదిహేడూ నమోదైన వారాల్లో అక్కడ డిటెక్టర్‌లో ఒక ముక్క పనిచేయలేదట. చెడిన భాగాల జాబితాలో దాన్ని చేర్చడం మరిచారట. జెట్‌లు అటూ పోయాయి, చూసే కన్నే లేదు. శుక్రవారం ఆమె ఆ బొమ్మలు చూపించలేదు.

“నా కణాన్ని మీరే చంపేశారండీ యాదమ్మగారూ!”

“పుట్టనిదాన్ని ఎట్ల సంపుత మేడం?”

ఏడవబోయి నవ్వేశారు. “చూపించాక వాళ్లెవరైనా ఇది అడిగుంటే మళ్లీ తలెత్తుకునేదాన్ని కాదు.”

తర్వాత బొమ్మలన్నీ మొదటినుంచి మళ్లీ వేరుచేశాం. ఆరు నెలలు పట్టింది. వెతికినంత మేర అలాంటి కణం లేదని తేలింది.

“లేదని చెప్పనీకె గింత చాకిరా?” అని అడిగాను.

“ఇక్కడ లేదని గట్టిగా చెబితే, మిగతావాళ్లు వేరేచోట వెతుక్కుంటారండీ. అదీ పనే.”

నాకు నచ్చింది ఆ మాట. ఖాళీ కనబడితే ముందు యంత్రాన్ని అనుమానించాలని అప్పుడు నేర్చుకున్నాను. ఆశ పెట్టుకున్న మనిషికి ఆ అనుమానం రాదు, పక్కనున్నవాళ్లే మొహమాటం లేకుండా చెప్పాలి. మాధవి గారు ఇంకా వెతుకుతూనే ఉన్నారు. కొత్త బొమ్మలు రాగానే మొదటి కట్ట నాకే పంపుతారు, తప్పు పట్టమని.