ఆకులమ్మే కౌబాయ్

మా బ్రూస్‌పేట బట్టల రాజగోపాలయ్యకు పొద్దున్నే బోణీ కావాలి. ఏ వ్యాపారికి అక్కరలేదు, అందులో వింతేముంది అంటారా? ఆయనకు బోణీ చేసేది మనిషి కాదు, కంప్యూటర్ ఆటలో బొమ్మ.

ఆ ఆట మనవరాలు వినూత తెచ్చింది. మెక్సికో లాంటి దేశం, అందులో విప్లవం. మన కౌబాయ్ వెళ్లి ఒక జనరలుతో చేతులు కలిపి, సర్కారు రైలు పేల్చాలి. దారిలో ఒక చిల్లర అంగడి, అందులో గుబురు మీసాల ముసలాయన. ఆట తయారుచేసినవాళ్లు ఆయనకు పేరు కూడా పెట్టలేదు. ఎవరేం తెచ్చినా కొంటాడు, తల ఊపుతాడు, అంతే. రాజగోపాలయ్యకు విప్లవం మొత్తంలో నచ్చింది ఆయనొక్కడే.

అంగడి తెరిచి, ఊదుబత్తి వెలిగించి, గల్లాపెట్టె మీద వినూత ల్యాప్‌టాప్ పెట్టుకుంటాడు. ఆ ముసలాయనకు తోళ్లు అమ్మితే మంచి ధర. కానీ రాజగోపాలయ్య శాకాహారి, నోరులేని జీవాన్ని కాల్చడు. అందుకని నడుముకు రెండు తుపాకులున్న కౌబాయ్ గుర్రం దిగి, తూటాల వర్షంలో వంగి వంగి మూలికలు కోస్తుంటాడు.

"తాతా, ఆడ జనరలు కాచుకోని ఉండాడు!"

"ఉండనీలేమ్మా. ఏం మీసాలప్పా, బాగుండావా? తాజా ఆకు తెచ్చినా సూడు."

మీసాలప్ప తల ఊపగానే ల్యాప్‌టాప్‌ను కళ్లకద్దుకొని, "బోణీ ఆయె" అంటాడు.

"రైలు పేలిస్తేనే కదా కథ ముందుకు పోయేది?"

"పేలిస్తే ఏమైతాది?"

"సైన్యం వచ్చి ఊరు కాలుస్తాది. ఈ మీసాలప్ప అంగడీ పోతాది."

"అట్లయితే వద్దు. రైల్లో ప్యాసింజర్లు ఉంటారు."

పక్కన స్టీలు పాత్రల అంగడి నాది. ఒకసారి పెళ్లిబట్టలకు వచ్చినవాళ్లతో రాజగోపాలయ్య, "రోంత కూర్చోండి, ఆకు అమ్మేసి వస్తా" అన్నాడు. తాంబూలాలకు తమకూ నాలుగు కట్టలు కావాలన్నారు వాళ్లు.

ఆ రోజుల్లోనే ఎదురుగా ఉచ్చంగెమ్మ బట్టల అంగడి పెట్టింది. రూపనగుడి పల్లె మనిషి. ఎవరి దుకాణంలోనో ఏళ్ల తరబడి చీరలు మడిచి మడిచి, ఇక సొంతంగా నిలబడదామనుకుంది. మధ్యాహ్నమైనా ఎవరూ మెట్టెక్కేవారు కాదు.

"ఈ నెల సూస్తానన్నా. లేదంటే బీగమేసి ఊరికి పోతా" అంది నాతో.

కొన్నాళ్లకు ముఖం వికసించింది. "పొద్దుపొద్దున్నే ఎవరో ఒకరు వస్తాండారన్నా! ఏ దేవుడు పంపుతాండాడో!"

నాకు కుతూహలం పుడితే అన్నం సహించదు. మర్నాడు బిందె తుడుస్తున్నట్టు నటిస్తూ వాకిట్లో నిలబడ్డాను. రాజగోపాలయ్య దగ్గరికి మొదటి బేరం వచ్చింది. పచ్చ జాకెట్ గుడ్డ కావాలంది.

"పచ్చ లేదమ్మా. ఎదురంగట్లో మంచిది ఉండాది, పో."

ఆమె వెళ్లగానే ఊడిపడ్డాను. "ఏమన్నా! మొదటి బేరాన్ని ఎవరైనా ఎదురంగడికి తోలుతారా? నీ ఈపునంటుకోనే ఉండాది పచ్చ తాను!"

దొంగలా దిక్కులు చూశాడు. "మెల్లగ, గురునాథప్పా! నాకైతే బోణీకి మీసాలప్ప ఉండాడు. ఆయమ్మకు ఎవరుండారు?"

ల్యాప్‌టాప్ వెనక నుంచి వినూత నోరు తెరిచింది. "అయితే ఉచ్చంగెమ్మక్క అంగడి కుదురుకునేదాకా విప్లవం లేనట్టేనా తాతా?"

"లేనట్టేమ్మా. జనరలుకు నువ్వే ఏదో ఒకటి సర్దిచెప్పు."