గుమ్మటం కనబడలేదు

"పై స్థలమును స్వయముగా పరిశీలించితిమి. అచ్చట గుమ్మటము గాని, తత్సంబంధమైన శిథిలములు గాని కనబడలేదు. కావున అర్జీని ముగించడమైనది."

ఈ కాగితం చేతికొచ్చిన రోజు స్టాఫ్ రూములో పైకే అనేశాను, "వీళ్ల మొహం మండ!" అని. పక్క కుర్చీలో పేపర్లు దిద్దుకుంటున్న కామర్స్ మేడంగారు ఉలిక్కిపడ్డారు.

"ఏంటండీ, ఎవరి మీద?"

ఎవరి మీదని చెప్పను? అప్పటికి నాకూ తెలియదు.

నేను రాజమండ్రిలో డిగ్రీ కాలేజీలో జియాలజీ చెబుతాను. పిల్లలు వెనకాల రాళ్ల మేడం అంటారు, నాకు వినబడుతూనే ఉంటుంది. పుట్టింది కోనసీమలో. అక్కడ రాయంటే లారీలో రావలసిందే. భూమంటే నల్లమట్టి, పార పెడితే దిగిపోవాలి. అలాంటి చోట పుట్టి రాళ్ల వెంట పడ్డానని మా వాళ్లు ఇప్పటికీ ఆడిపోసుకుంటారు.

గోదావరి దాటి, కొవ్వూరు మీదుగా పడమరకి పోతే కాలువలు ఆగిపోయి మెట్ట మొదలవుతుంది. ఎర్రనేల, జీడిమామిడి తోటలు. ఆ తోటల్లో ఒకచోట నేల కొద్దిగా ఉబ్బి ఉంటుంది. బస్సులోంచి చూస్తే ఏమీ లేదు. ఊళ్లోవాళ్లు దిబ్బ అంటారు. నేను గుమ్మటం అంటాను. డోమ్‌కి మా తెలుగు మీడియం పుస్తకంలో వేసిన మాట అదే.

దాని కథ నాకు తెలిసినంతలో ఇది. ఎప్పుడో ఏరు తెచ్చిన ఇసుక అక్కడ పొర మీద పొరగా పరుచుకుని గట్టిపడి రాయైంది. దాని అడుగున ఇంకా పాత రాయి ఉంది. ఈ గోదావరి లోయ అడుగంతా పెద్ద పెద్ద బీటలే. భూమి లాగుడికి కొన్ని ముక్కలు దిగిపోయాయి, కొన్ని పైకి తన్నుకొచ్చాయి. ఈ దిబ్బ కింద ముక్క పైకొచ్చిందని నా నమ్మకం. పడుకుని దుప్పటి కింద మోకాలు ఎత్తితే దుప్పటి ఎలా చుట్టూ జారుతుందో, పైనున్న పొరలు అలా వంగాయి. తరవాత వానలు దాని నెత్తిని అరగదీశాయి. అందుకే నడుమ పాత పొర బయటపడింది, అంచుల్లో కొత్తవి ఉన్నాయి. కోట్ల ఏళ్లు పట్టిన పని. ఎవరికైనా చెప్పబోతే, "అబ్బో! కాఫీ చల్లారిపోతోందండి, తాగండి ముందు" అంటారు.

నమ్మకం వేరు, రుజువు వేరు. గుమ్మటం అనాలంటే పొరలు నాలుగు వైపులా బయటికి వాలి ఉండాలి. వాలు కొలిచే కంపాస్ పట్టుకుని దక్షిణం కొలిచాను, తూర్పు కొలిచాను, పడమర కొలిచాను. మూడూ బయటికే వాలాయి. ఉత్తరం మిగిలింది. అక్కడా పొర బయటికి వాలి ఉంటే ఇది గుమ్మటం. లేకపోతే మామూలు మడత, అలాంటివి బోలెడున్నాయి, ఎవడూ పట్టించుకోడు. ఇన్నేళ్ల నా తిరుగుడంతా ఆ ఉత్తరం వైపు రాయి మీద ఆధారపడి ఉంది.

మరెందుకు కొలవలేదంటారా? బస్సు దక్షిణం వైపు దింపుతుంది. అక్కడ మొదలుపెట్టి వరసగా కొలుచుకుంటూ పోతే ఉత్తరం వంతు వచ్చేసరికి పొద్దు వాలుతుంది. వచ్చేవారం చూద్దాంలే అంటే, వచ్చేవారం ఇన్విజిలేషన్. ఆ పైవారం కాలేజీకి కమిటీ వస్తోంది, ఫైళ్లు సర్దాలి. ఆ పైన ఎలక్షన్ డ్యూటీ. రాయి ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఈ వేసవి మొదట్లో తోట యజమాని ఫోన్ చేశారు. పెద్దమనిషి, నేనెప్పుడు వెళ్లినా కొబ్బరినీళ్లు ఇప్పించేవారు.

"మేడంగారూ, దిబ్బని గ్రావెల్‌కి ఇచ్చేశానండి. చదునైతే నీరెక్కుద్ది కదండీ. మీకో మాట చెబుదామని."

"అయ్యో, ఎంత పని చేశారండీ! అది మామూలు దిబ్బ కాదండీ, ఎన్నిసార్లు చెప్పాను మీకు?"

"ఆయ్, చెప్పారండి. కానీ అందులో ఏమీ పండదు కదండీ."

ఆయన మీద ఎలా అరుస్తాను? ఎత్తుపల్లం కనబడితే రైతుకి చెయ్యి ఊరుకోదు. అరవలేక ఆ కోపమంతా కాగితం మీద పెట్టాను. అదే రోజు తవ్వకాలు చూసే కార్యాలయానికి అర్జీ రాశాను. మంచి తెలుగులో రాశాను, అదే నా ఖర్మ. "ఇచ్చట గల అతి ప్రాచీనమైన గుమ్మటమును పరిరక్షించవలసినదిగా ప్రార్థన" అని రాసి, రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను కూడా.

వాళ్లు వచ్చారు, చూశారు, ఆ జవాబు పంపారు. కాగితం పట్టుకుని మర్నాడే కార్యాలయానికి వెళ్లాను. తనిఖీకి వెళ్లిన ఉద్యోగి దొరికారు. చిన్న వయసు, మర్యాదస్తుడు. కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

"మీరు గుమ్మటం అని రాశారు కదండీ. నేనూ మా అటెండరూ ఎండలో తోటంతా గాలించామండి. పాత గుడో, సమాధో ఉంటుందనుకున్నాం. ఒక్క ఇటుక ముక్క లేదండి."

"ఇటుకలేంటండీ? అది కట్టడం కాదు, నేలే!"

"నేలైతే నేల అని రాయాలి కదండీ."

"మీరు నిలబడి వెతికింది దాని మీదేనండీ బాబూ!"

ఆయన ఫైలు తిప్పి నా అర్జీ మళ్లీ చదివారు. "దిబ్బా అండి మీరనేది? దిబ్బ అని రాసుంటే అప్పుడే ఆపించేవాణ్ణి కదండీ. లీజులో హద్దు దాటి తవ్వేస్తున్నారు, నేను కళ్లారా చూశాను. కానీ అర్జీ గుమ్మటం గురించి. కట్టడాలు మా పరిధి కాదండి."

దిబ్బ అని రాసిన పిల్లల పేపర్లలో ఎర్ర సిరాతో కొట్టేసిన చెయ్యి ఇదే. దిబ్బ ఏంటి మొద్దూ, గుమ్మటం అనాలి, అని క్లాసులో బల్ల గుద్ది చెప్పిన నోరూ ఇదే. అక్కడే తెల్లకాగితం అడిగి, దిబ్బ, దిబ్బ, దిబ్బ అని వరసకి రాసి సంతకం పెట్టాను. ఎల్లుండి వస్తామన్నారు. నేను ఆగలేక అటునుంచి అటే బస్సెక్కాను.

లారీలకి దారి ఉత్తరం వైపుంది. తవ్వకం అక్కడే మొదలుపెట్టారు. నేను వెళ్లేసరికి ఆ వైపు నేల అరిచేయిలా ఉంది. పొక్లెయిన్ పక్కకి జరిగి తూర్పు వైపు గోకుతోంది. తోట యజమాని నన్ను చూసి కండువా సర్దుకుంటూ ఎదురొచ్చారు. ఆయన మొహంలో సంతోషం.

"రండి మేడంగారూ. మీకు రాళ్లంటే ఇష్టం కదండీ. ఉత్తరం వైపువి మంచివి ఏరించి పక్కన పెట్టించానండి. ఒక్కటి కూడా లారీ ఎక్కనివ్వలేదు."

చూపించారు. జీడిచెట్టు కింద, కడిగించి మరీ, పెద్దవి అడుగున, చిన్నవి పైన, ముచ్చటగా పేర్చి ఉన్నాయి. ఒక రాయి తీసి అటూ ఇటూ తిప్పాను. పొరలు చక్కగా కనబడుతున్నాయి. నేలలో ఉన్నప్పుడు అవి ఎటు వాలి ఉన్నాయో కదిలిన రాయి చెప్పదు. ఆ మాట ఆయనతో అనడానికి మనసు రాలేదు. "చాలా థాంక్సండీ" అన్నాను. ఏడుపొచ్చింది. ఆయన నా సంతోషం అనుకున్నారు.

మర్నాడు కాలేజీలో, ఆ దిబ్బకి నేను వేసుకున్న పటం తీశాను. మా పటాల్లో కొలిచినదానికి నిండు గీత, ఊహించినదానికి చుక్కల గీత. మూడు వైపులా నిండు గీతలున్నాయి. ఉత్తరం వైపు పెన్సిలు పెట్టి చుక్కలు గీశాను. వెళ్లిన ప్రతిసారీ మధ్యాహ్నం నేను అన్నం తిన్నది ఆ ఉత్తరం వైపే, నీడ ఉంటుందని. ఆ రాయికే వీపు ఆనించి, కంపాస్ ఉన్న సంచీని ఒళ్లో పెట్టుకుని తిన్నాను.